చూడకుండా అన్న ఊ

నాలుగింటికి అమ్మాయి వస్తుంది, వచ్చి ఈ బండెక్కి కొండ దిగుతుంది, ఆలోగా ఈ వెనక చక్రం దాని చోటులో అది కూర్చోవాలి, అంతకు మించి ఆలోచించాల్సిందేమీ లేదు అని ఆమె తనకి తానే చెప్పుకుంది. చెప్పుకున్నాక కూడా చక్రాన్ని ముట్టుకోలేదు. దాని ఎదురుగా గొంతుక్కూర్చుని చూస్తూ ఉండిపోయింది. కొత్త టైరు. అచ్చులోంచి ఊడి వచ్చినప్పటి సన్నటి రబ్బరు వెంట్రుకలు ఇంకా దాని ఒంటినిండా నిక్కబొడుచుకునే ఉన్నాయి, భయపడ్డ మనిషి చేతి మీద లేచినట్టు. పాత టైరుని పొద్దునే రాడ్లేసి ఊడదీసింది. పద్నాలుగు నెలలు టార్పాలిన్ పట్టా కింద ఒకే పక్కన ఆని నిలబడి అది చలికాలం మడమలా పగుళ్ళిచ్చింది. పాతది లాగడం, కొత్తది ఎక్కించడం, గాలి కొట్టడం, అవన్నీ కండ ఉంటే అయిపోయే పనులు, వాటికి మనసు అక్కర్లేదు. మనసు కావాల్సింది ఇప్పుడు. చక్రాన్ని మళ్ళీ బండికి ఎక్కించి బ్రేకు కలపడం దగ్గరే ఉంది అసలు సంగతి. గోడ గడియారంలో మూడు దాటి అయిదు నిమిషాలు. షాపుకి మూడు వైపులా గోడలు, పైన రేకులు, నాలుగో వైపు రోడ్డు. ఆ రోడ్డు షాపు ముందు కొంత దూరం చదునుగా నడిచి, తర్వాత ఏదో గుర్తొచ్చినట్టు ఒక్కసారిగా కిందికి వాలిపోతుంది. అయిదు మలుపులు. మూడో మలుపు దగ్గర రాయి ఉంటుంది.

అమ్మాయి కొండ మీది ఆసుపత్రిలో పని చేస్తుంది. రోగుల దగ్గర తీసిన రక్తం సీసాలు ఐసు పెట్టెలో సర్దుకుని రోజూ సాయంత్రం అయిదు కొట్టేలోగా కింద పెద్ద ల్యాబులో అప్పగించాలి. మొన్నటిదాకా నాలుగింటి బస్సు ఉండేది, పెట్టె ఒళ్ళో పెట్టుకుని కిటికీ పక్కన కూర్చుని దిగేది. ఈ నెల నుంచి ఆ బస్సు తీసేశారు. బండి ఉంటే చెప్పు, లేకపోతే బండి ఉన్నవాళ్ళని చూసుకుంటాం అన్నాడట పెద్ద డాక్టరు. అమ్మాయి ఇంటికొచ్చి, నేరుగా షాపు వెనక్కి వెళ్ళి నాన్న బండి మీది పట్టా లాగేసింది. పంతంలో అది అచ్చం నాన్న కూతురు. వేరే బండి చూద్దాం, ఇది మాత్రం వద్దు అని ఆమె అంటే, ఎందుకొద్దు, నాన్నని పొట్టన పెట్టుకుంది రోడ్డు మీద కంకర, పాపం ఈ బండేం చేసింది అంది అమ్మాయి. ఆ ప్రశ్నకి ఆమె దగ్గర జవాబు ఉంది. ఉన్న జవాబుని నోట్లోనే ఉంచుకుని, లేనిదానిలా ఊరుకుంది. ఊరుకుంది కాబట్టే ఇప్పుడు ఈ చక్రం ముందు కూర్చోవాల్సి వచ్చింది. ఇంకెవరికైనా ఇచ్చి బిగించమనొచ్చు, కానీ ఇంకెవరైనా బ్రేకు పట్టీ దగ్గర చెయ్యి పెట్టి, ఇదేంటమ్మా ఇక్కడ వేరే బండి బోల్టు ఉంది అంటే? అందుకని తనే.

ఆయనకి పని చేసే తీరు ఒకటి ఉండేది, ఈ రోడ్డు పొడుగునా ఇంకే మెకానిక్‌కీ లేనిది. పెళ్ళయిన కొత్తలో ఒక పాలవాడి బండికి చైను క్లిప్పు పెట్టడం మరిచిపోయాడు. రెండో మలుపులో చైను ఊడి పాలవాడికి మోకాలు చీరుకుపోయింది, నలభై లీటర్ల పాలూ రోడ్డు తాగింది. ఆ రోజు నుంచి ఆయన తన కళ్ళని తను నమ్మడం మానేశాడు. రెండు కళ్ళు పొరపాటు పడతాయి, నాలుగు కళ్ళు పడవు అనేవాడు. చేసిన ప్రతి పనీ పైకి చెప్పాలి, పక్కనున్న మనిషి అది చూసి ఊ అనాలి, ఊ వినబడితేనే చెయ్యి తర్వాతి పనికి కదలాలి. ఆ పక్కనున్న మనిషి ఆమె. ఆయన ఎడమ భుజం వెనకాల ఆయిలు డబ్బా బోర్లించుకుని దాని మీద కూర్చునేది. బ్రేకు షూలు శుభ్రం, అనేవాడు. ఊ. చైను ఎక్కింది. ఊ. యాక్సిల్ దూరింది. ఊ. పక్కషాపు దర్జీ కుట్టుమిషను ఆపి మరీ వినేవాడు. ఏం వదినా, అన్న చక్రం బిగిస్తున్నాడా, నీకు కథ చెబుతున్నాడా అనేవాడు. కథే అయితే చివర పెళ్ళి ఉండేది నాయనా, ఇందులో చివర గ్రీసే ఉంటుంది అనేది ఆమె. అలా ఊ కొడుతూ కొడుతూనే పనంతా ఆమె చేతుల్లోకి వచ్చేసింది. పద్దెనిమిదేళ్ళు. ఎంత అలవాటు పడిపోయాడంటే, ఊ అంటే ఆయన చెయ్యి కదిలేది, అనకపోతే గాల్లోనే ఆగిపోయేది. ఒకసారి నిద్రలో యాక్సిల్ దూరింది అని గొణిగాడట, ఆమె నిద్రలోనే ఊ అందట, ఆయన నిశ్చింతగా అటు తిరిగి గుర్రు పెట్టాడట. అప్పటికి చిన్నపిల్లగా ఉన్న అమ్మాయి పొద్దున లేచి ఇద్దరి గొంతులూ పెట్టి చేసి చూపిస్తే పొట్టలు పట్టుకుని నవ్వారు. నవ్వు ఆగాక ఆమెకి మాత్రం ఒక్క క్షణం, కళ్ళు మూసుకుని నేను దేనికి ఊ అన్నాను అనిపించింది. అనిపించింది, పోయింది.

ఆయన పోయాక షాపు మూసేస్తుందనుకున్నారు. నాలుగో వారం తలుపు తీసి కూర్చుంది. విప్పడం వచ్చు, బిగించడం వచ్చు, రానిదల్లా ఊ లేకుండా చెయ్యి కదిలించడం. ఆయన చోట్లో తను గొంతుక్కూర్చుంది, తన చోటు ఖాళీ. అయినా పైకి చెప్పేది. చెప్పి, ఒక ఊపిరి పీల్చి వదిలేంత సేపు ఆగి, ఆ ఆగినప్పుడు చేసిన చోటుని కళ్ళతో చూసి, అప్పుడు కదిలేది. ఊ ఉండాల్సిన చోట ఊపిరి. అలా ఎన్ని చక్రాలు ఎక్కించిందో, ఒక్కటీ తిరిగి రాలేదు. వదిన చేతిలో పడ్డ చక్రం తిరగడమే గాని తిరిగి రావడం లేదు అని దర్జీ ఊరంతా చాటాడు. ఇదీ వాటిలాంటిదే, ఇనుమే కదా అనుకుని ఆమె చివరికి గుడ్డ అందుకుంది. డ్రమ్ములో నల్లటి దుమ్ము తుడిచింది. నోటితో ఊదలేదు, ఊదితే ఆయన తిట్టేవాడు, ఊపిరితిత్తులకి కూడా బ్రేకులు పడతాయి అని. షూలకి గరుకు కాగితం రాసింది. వాటిని మోసే ప్లేటుని డ్రమ్ములో కూర్చోబెట్టింది. షూలు శుభ్రం, అంది. ఊపిరి. చూసింది. చక్రాన్ని దొర్లించుకెళ్ళి బండి వెనక రెండు ఇనుప చేతుల మధ్యకి తోసింది. పాదాన్ని టైరు కిందికి దూర్చి, పాదంతోనే చక్రాన్ని వేలెడు పైకి లేపింది. ఇది ఆమె సొంత ఉపాయం, ఆయన చేతులతో లేపేవాడు, ఆమెకి అంత బలం లేదు. చైనుని పళ్ళ మీదికి తెచ్చింది. చైను ఎక్కింది. ఊపిరి. చూసింది. స్పేసరు ఉంగరాన్ని దాని సందులో నిలబెట్టి, యాక్సిల్ని ఆ వైపు నుంచి దూర్చి, చెక్కసుత్తితో రెండు దెబ్బలు వేసింది. ఈ వైపు కన్నంలోంచి దాని కొన ఎలుక ముక్కులా బయటికొచ్చింది. యాక్సిల్ దూరింది, అంది.

ఊ.

పెద్దగా రాలేదు. ముక్కులోంచి వచ్చింది, పెదాల మధ్య నట్టు పట్టుకున్న మనిషి అన్నట్టు. ఎడమ భుజం వెనక నుంచి, డబ్బా మీద కూర్చున్న మనిషి నోరు ఉండే ఎత్తు నుంచి. ఆమె చెయ్యి సుత్తి మీద అలాగే ఉండిపోయింది. రేకులు ఎండకి సాగి టిక్కు టిక్కుమంటాయి, కానీ రేకులు ఊ అనవు. గాలి మిషను మూతి వదులైతే నిట్టూరుస్తుంది, దాన్ని పొద్దునే ఆపేసింది. దర్జీ షాపుకి తాళం, చెల్లెలికి పురుడొచ్చిందని నిన్ననే వెళ్ళాడు. రోడ్డు మీద మనిషి లేడు, కుక్క లేదు, ఎండ ఒక్కటే ఉంది, తెల్లగా, దేని నీడనీ కదలనివ్వకుండా. తిరిగి చూడొచ్చు. చూస్తే బోర్లించిన డబ్బా ఉంటుంది, దాని మీద దుమ్ము ఉంటుంది, అంతే ఉంటుంది. అంతే ఉంటుందని తెలుసు కాబట్టే తిరగలేదు. తిరగనంత సేపూ ఇంకేదైనా ఉండొచ్చు. మెడ వెనక చల్లబడింది, అరచేతులు మాత్రం వెచ్చబడ్డాయి. భయం ఉంది, దాని పక్కనే, ఒకే దుప్పటి కింద పడుకున్న అక్కచెల్లెళ్ళలా, హాయి కూడా ఉంది. పద్నాలుగు నెలలకి తన మాటకి ఒకరు ఊ అన్నారు. తనని ఒకరు వింటున్నారు. ఒకటే అంతుపట్టలేదు. ఆ డబ్బా తన చోటు. ఆయన అక్కడికి ఎప్పుడు మారాడు, తను ఇక్కడికి ఎప్పుడొచ్చింది. చోట్లు మారితే మరి ఇప్పుడు కొండ దిగాల్సింది ఎవరు. ఆ ఆలోచనని చేత్తో ఈగని తోలినట్టు తోలేసి, పట్టీని ప్లేటు దగ్గరికి లాగింది.

వెనక బ్రేకుకి ప్రాణం ఆ పట్టీలోనే ఉంటుంది. చక్రంతో పాటు బ్రేకు ప్లేటు కూడా తిరిగిపోకుండా దాన్ని బండి ఒంటికి కట్టేసే జానెడు ఇనుప బద్ద. దానికి ఒక బోల్టు, ఒక నట్టు, నట్టు జారకుండా అడ్డంగా ఒక పిన్ను. అవి లేకపోయినా స్టాండు మీద చక్రం తిప్పి తొక్కితే బ్రేకు పడుతుంది. చదునైన రోడ్డు మీద మెల్లగా తొక్కినా పడుతుంది. పల్లంలో, బరువు మీద, గట్టిగా తొక్కిన రోజున మాత్రం ప్లేటు గిర్రున తిరిగి చక్రాన్ని పట్టేస్తుంది, పట్టుకుంటే ఇంక వదలదు. ఆయనే చెప్పాడు ఇదంతా, ఎన్నిసార్లు చెప్పాడో. ఆయన పోయిన రోజు కూడా ఇలాగే తెల్లటి ఎండ. అంతకు ముందు రోజు ఆమె ఎవరిదో బండికి టైరు ఎక్కిస్తూ దాని మీద అచ్చేసి ఉండే బాణం గుర్తు చూసుకోలేదు. బాణం బండి వెళ్ళే వైపు తిరిగేలా పెట్టాలి, ఆమె తిరగేసి పెట్టింది. చెబితే పావుగంటలో దిద్దుకునేది. ఆయన చెప్పకుండా ముందు దర్జీని కేకేశాడు. రావయ్యా చూద్దువుగాని, మా ఆవిడ ఎక్కించిన టైరు, ఈ బండెక్కితే నిన్నటికి వెళ్ళిపోవచ్చు అన్నాడు. వచ్చినవాడికీ పోయినవాడికీ అదే చెప్పాడు. అన్నాల దగ్గర అమ్మాయికి చెప్పాడు. ఆమె నవ్వలేదు, తెల్లారినా నవ్వలేదు. మధ్యాహ్నం ఆయన ఈ బండికే, ఇదే చక్రం బిగించుకుంటుంటే డబ్బా మీద అటు తిరిగి, గోడకి మొహం పెట్టి, పళ్ళెంలో నట్లు ఏరుతూ కూర్చుంది. షూలు శుభ్రం, అన్నాడు. ఊ అంది, గోడతో. చైను ఎక్కింది మహారాణీ. ఊ. బాణం ముందుకే ఉంది మహారాణీ, రేపటికే వెళ్తాం. ఊ. పట్టీ బిగిసింది, పిన్ను పడింది, మహారాణి గారి అలకే ఇంకా వదులు కాలేదు. ఊ. గొంతులో నవ్వు పెట్టుకుని చెబుతున్నాడు, ఆ నవ్వు తనకి అంటుకోకుండా ఆమె ఇంకా గట్టిగా గోడని చూసింది. గంట తర్వాత ఆయన మూడో మలుపులో, ఆ రాయి పక్కన పడి ఉన్నాడు.

బండిని తెచ్చి షాపు ముందు దించినప్పుడు జనమంతా ఆయన గురించి మాట్లాడుతున్నారు, ఆమె మాత్రం బండిని చూసింది. పట్టీ ఒక కొసన వేలాడుతోంది. కన్నం అంచు చీరుకుపోలేదు, బోల్టు విరిగిన గుర్తు లేదు. అసలు నట్టు పడనే లేదు. అందరూ వెళ్ళాక పళ్ళెంలోంచి ఒక బోల్టు, ఒక నట్టు ఏరి పెట్టేసి, పైన పట్టా కప్పేసింది. కంకర అన్నారు, తనూ కంకరే అంది. ఇంతమందికి బిగించినవాడు తన బండికి బిగించుకోవడం మరిచాడంటే లోకం ఏమంటుంది, ఆయన పరువు కోసమే అనుకుంది. సగం అందుకే. మిగతా సగం ఎందుకో పట్టాకి తెలుసు. ఇవన్నీ తలలో తిరుగుతున్నా చేతులు ఆగలేదు, చేతులకి అడ్డు లేదు. బోల్టు దూర్చింది. పట్టీ బిగిసింది, అంది. ఊ. బ్రేకు రాడ్డుకి స్ప్రింగు తొడిగి పెడల్ నుంచి వచ్చే కొసని కలిపింది. రాడ్డు కలిసింది. ఊ. చైను సాగు వేలితో చూసి, రెండు పక్కలా గీతలు ఒక్క లెక్కలోకి తెచ్చింది. గీతలు సమానం. ఊ. పాత ట్యూబు ముక్కతో పెడల్ని కిందికి లాగి కట్టింది. పెడల్ అదిమి ఉండగా యాక్సిల్ నట్టు బిగిస్తే షూలు డ్రమ్ము నడిమధ్యకి సర్దుకుంటాయి. ఇదివరకు ఆ పెడల్ మీద ఉండేది ఆమె చెయ్యే. పానా మీద ఒళ్ళంతా వేసి లాగింది. నట్టు బిగిసింది. ఊ. ఎంత తేలిగ్గా ఉంది. గట్టు మీంచి నీళ్ళలోకి జారినట్టు ఎంత తొందరగా అయిపోతోంది. ట్యూబు ముక్క విప్పి చక్రం తిప్పింది, చువ్వలన్నీ కలిసిపోయి ఒక బూడిదరంగు పొగ అయ్యాయి. పెడల్ని అరచేత్తో నొక్కింది, ఠక్కున ఆగింది. వదిలితే తిరిగింది. మూడూ నలభై. చేతులు తుడుచుకుందామని గుడ్డ కోసం చెయ్యి చాపింది. గుడ్డ మీద నట్టు ఉంది. నట్టు పక్కన పిన్ను ఉంది.

కాసేపు అవి ఏమిటో ఆమెకి తెలియలేదు, లేదా తెలియకుండా ఉండటానికి కాసేపు గింజుకుంది. తర్వాత తల వంచి పట్టీ వైపు చూసింది. బోల్టు దూరి ఉంది, మర చుట్లు బయటికి నిక్కి ఉన్నాయి, వాటి మీద ఏమీ లేదు. పట్టీ బిగిసింది అని తను అంది. ఊ వచ్చింది. ఊ వినగానే చెయ్యి రాడ్డు దగ్గరికి వెళ్ళిపోయింది. పద్నాలుగు నెలలు ఊపిరి కోసం ఆగిన చెయ్యి, ఒక్క ఊ వినగానే పద్దెనిమిదేళ్ళ నాటి చెయ్యి అయిపోయింది. ఒక్క అరగంటలో అమ్మాయి ఈ బండి మీద, వీపుకి పెట్టె కట్టుకుని, రెండో మలుపు దాటి. ఆమె వెనక్కి తిరగకుండా, మెల్లగా, పరీక్ష పెడుతున్నట్టు, ఈ చక్రానికి యాక్సిలే లేదు, అంది. ఊ. బండికి పెట్రోలు బదులు పాలు పోశాను. ఊ. అదే గొంతు, అదే ఎత్తు, నిదానంగా, ప్రేమగా. అమ్మాయి కొండ దిగి క్షేమంగా చేరింది, అంది. గడియారం మూడూ నలభై రెండు చూపిస్తుండగా, అమ్మాయి ఇంకా ఆసుపత్రిలో సీసాలు సర్దుకుంటుండగా, ఆ మాటకి కూడా ఊ వచ్చింది. ఆమె రెండు చేతులూ నేలకి ఆనించింది. నలుగురిలో ఉన్నప్పుడు ఆయనని మీరు అనేది, షాపులో ఇద్దరే ఉన్నప్పుడు నువ్వు అనేది.

"నువ్వు చూడటం లేదు కదూ?"

ఊ.

అప్పుడు తిరిగింది. డబ్బా ఉంది, దుమ్ము ఉంది. దుమ్ము చెదరలేదు. ఆ చెదరని దుమ్ముని చూస్తుంటే ఆమెకి భయం కన్నా కోపం ముందొచ్చింది, ఇంట్లో మనిషి మీద వచ్చే కోపం. బతికుండగా నేను గోడని చూస్తూ ఊ అన్నాను, పోయాక నువ్వెక్కడ చూస్తున్నావు. నా తప్పు నాకే తిప్పి ఇస్తున్నావా, లేక పోయినవాళ్ళకి ఊ తప్ప ఇంకో మాట రాదా. నన్ను ఏడిపించడానికైతే ఏడిపించు, పిల్లేం చేసింది. జవాబు రాలేదు, ఊతో సరిపోని ప్రశ్నలకి అది పలకదో, అడిగింది మనసులో కాబట్టి వినలేదో. నట్టు తీసుకుని బోల్టుకి తిప్పింది, పానా వేసి బిగించింది, పిన్ను దూర్చి దాని రెండు కాళ్ళనీ చెరో వైపు మడిచింది. మడిచి చూసింది. చూసి వేలితో తడిమింది. లేచి రెండడుగులు వేసి, నిజంగా తడిమానా, తడిమాననుకున్నానా అని మళ్ళీ వచ్చి తడిమింది. మూడోసారి వచ్చినప్పుడు అర్థమైంది, ఇది నూరుసార్లు తడిమినా తేలదు. తన రెండు కళ్ళు ఇవాళ పనికిరావు. డబ్బా వైపున్న ఆ రెండు చెవులు అసలే పనికిరావు. ఇంకో రెండు కళ్ళు కావాలి, బతికున్నవి.

అమ్మాయి రావడమే పరుగున వచ్చింది, పెట్టె భుజాన, అయిపోయిందా అమ్మా, నాలుగైపోయింది అంటూ. బండి చుట్టూ తిరిగి కొత్త టైరు మీద చెయ్యేసి, బాణం చూసుకున్నావా, నిన్నటికి వెళ్ళిపోతే ల్యాబులో ఒప్పుకోరు అంది. ఆమె నవ్వలేదు. కూర్చో అంది. టైం లేదమ్మా అంటే, కూర్చుంటే గాని తాళం ఇవ్వను అంది. అమ్మాయి పెట్టె దించి ఆమె పక్కన గొంతుక్కూర్చుంది.

"నేను ఒక్కొక్కటీ చెబుతాను, నువ్వు ముట్టుకుని చెప్పు. ఊ అనకు."

"మరేమనాలి?"

"అక్కడ ఏముందో అది."

యాక్సిల్ నట్టు అంటే, ఉంది, పానా వేసి లాగాను, కదల్లేదు అంది అమ్మాయి. చైను అంటే వేలితో ఎత్తి, ఇంత కదులుతోంది అని రెండు వేళ్ళు చూపించింది. రాడ్డు, స్ప్రింగు. పట్టీ, అంది ఆమె. అమ్మాయి వేలు పెట్టి, నట్టు ఉంది, గట్టిగా ఉంది, పిన్ను ఉంది, రెండు కాళ్ళూ మడిచి ఉన్నాయి, కానీ బోల్టు మాత్రం ఈ బండిది కాదు, తల వేరేగా ఉంది అంది. మెకానిక్ కూతురు కదా. ఆమె ఆ వేలి వైపే చూస్తూ మొత్తం చెప్పేసింది. కంకర కాదని చెప్పింది. వేలాడిన పట్టీ, పళ్ళెంలోంచి ఏరిన బోల్టు, గోడ, మహారాణీ, అన్నీ. ఇందాక డబ్బా వైపు నుంచి విన్నది కూడా దాచలేదు. చెబుతుంటే అదేదో పొరుగింటివాళ్ళ సంగతిలా చిన్నగా ఉంది. అమ్మాయి వేలు పిన్ను మీద నుంచి తియ్యలేదు. డబ్బా వైపు ఒకసారి చూసి, చటుక్కున చూపు తిప్పుకుంది.

"అయితే ఇది నువ్వు పెట్టిన బోల్టు."

ఆమె ఊ అనబోయి ఆగింది. "అవును. నేనే పెట్టాను."

అమ్మాయి గోటితో ఆ బోల్టు తల చుట్టూ తడిమింది. రోడ్డు మీద ఎండ రంగు మారడం మొదలైంది. తిట్టు, పరవాలేదు అందామనుకుంది ఆమె, కానీ ఆ మాట అడుక్కున్నట్టు ఉంటుందని మానుకుంది.

"నువ్వు అటు తిరిగి కూర్చున్నావని నాన్నకి తెలీదా?" అంది అమ్మాయి చివరికి. "తల తిప్పితే నీ వీపు కనబడుతూనే ఉంది కదా. నువ్వు చూడటం లేదని తెలిసీ చెయ్యి కదిపాడు. నీ ఊ చాలనుకున్నాడు."

ఈ పద్నాలుగు నెలల్లో ఆమె ఆ గోడని తన వైపు నుంచే చూసింది, ఆయన వైపు నుంచి ఎప్పుడూ చూడలేదు. ఆయన వైపు నుంచి అక్కడ గోడ లేదు, అలిగిన వీపు ఒకటి ఉంది, దాన్ని ఎలాగైనా ఇటు తిప్పుకోవాలన్న ఆత్రం ఉంది, ఆ ఆత్రంలో నట్టు లేదు, పిన్ను లేదు. ఇద్దరిలో ఒక్కరూ చక్రాన్ని చూడలేదు. అది తెలిస్తే బరువు తగ్గుతుందేమో అనుకుంది, తగ్గలేదు, కాకపోతే ఒక్క చేత్తో మోస్తున్నది రెండు చేతుల్లోకి వచ్చినట్టుంది. అమ్మాయి లేచి, తాళం కోసం చెయ్యి చాపింది. దాని కళ్ళు ఎర్రగా ఉన్నాయి. పోవద్దు అనే మాట ఆమె నాలుక చివరిదాకా వచ్చింది. ఇవాళ పోవద్దంటే రేపు పోవద్దనాలి, ఎల్లుండి పోవద్దనాలి, చివరికి ఆ రాయి ఇంట్లోకి వచ్చి కూర్చుంటుంది. తాళం ఇచ్చింది. కిందికి తిప్పకముందు ఈ చదునులో వేగంగా వచ్చి గట్టిగా తొక్కు, ఒళ్ళు బరువంతా వేసి తొక్కు, మూడుసార్లు తొక్కు అంది. అమ్మాయి పైకి వెళ్ళి తిరిగొచ్చి షాపు ముందు తొక్కింది. టైరు కీచుమని రోడ్డు మీద నల్లటి గీత గీసి ఆగింది. రెండోసారి గీత. మూడోసారి గీత. పట్టీ బోల్టు దగ్గర ఆమె వంగి చూసింది, ముట్టుకుంది, పైకి చెప్పింది: కదల్లేదు. అమ్మాయి కూడా దిగి చూసి కదల్లేదు అంది. పెట్టె కట్టుకుని, ల్యాబు ఫోన్ నుంచి చేస్తాలే అని, వాలులోకి జారిపోయింది.

బండి కనబడకుండా పోయాక దాని చప్పుడు మిగిలింది. ఆమె రోడ్డు అంచున నిలబడి విన్నది. మొదటి మలుపులో చప్పుడు కుంగి, లేచింది. రెండో మలుపులో కుంగి, లేచింది. మూడో మలుపులో కుంగింది. అక్కడ కొండ చరియ చప్పుడుని మింగేస్తుంది, ప్రతి బండిదీ మింగుతుంది, ఆ సంగతి ఆమెకి తెలుసు, ఆ రోజు కూడా ఇక్కడే నిలబడి ఉంటే తెలిసేదే, అలిగి లోపల కూర్చుంది. ఎంతసేపు మింగుతుంది మామూలుగా. ఇంతసేపా. రేకులు టిక్కుమన్నాయి. ఇంకోసారి టిక్కుమన్నాయి. అమ్మాయి దాటేసింది అని చెబితే షాపులోంచి, వెనక నుంచి, ఇప్పుడే ఊ వచ్చేస్తుంది, తియ్యగా, వెంటనే, అడగడమే ఆలస్యం. ఆమె పెదాలు బిగించుకుంది, అడగలేదు. చప్పుడు లేని రోడ్డుని కళ్ళు ఆర్పకుండా చూస్తూ నిలబడింది. అప్పుడు కింద ఎక్కడో, సన్నగా, చెవికి అందీ అందనట్టు ఇంజను మళ్ళీ పలికింది. నాలుగో మలుపు. కుంగి, లేచింది. అయిదోది. తర్వాత చదునులో పడ్డ బండి గొంతు మారి, ఒకే తీరుగా సాగి సాగి, ఎండలో కలిసిపోయింది.

ఆమె లోపలికి వచ్చింది. పానాలు తుడిచి వాటి మేకులకి తగిలించింది. గుడ్డ దులిపింది, అందులోంచి ఏమీ రాలిపడలేదు. తర్వాత డబ్బా ముందు నిలబడి, అలిగిన మనిషితో కాదు, ఒంట్లో బాగాలేని మనిషితో మాట్లాడినట్టు మాట్లాడింది.

"ఇక నువ్వు దేనికీ ఊ అనకు. నేను చూసుకుంటాను. సరేనా?"

అబద్ధానికీ నిజానికీ ఒకేలా ఊ అన్న ఆ గొంతు, ఆ ఒక్క మాటకి మాత్రం అనలేదు.